విదేశంలో లైవ్ లూపింగ్ ఫెస్టివల్‌కు డప్పు, కంజిర, లూపర్‌తో పోవాలంటే? వీసా, తోలు, కరెంటు, తాళం సందేహాలు

ప్రశ్న: పెన్నాగట్టు, అనంతపురం

అందరికీ నమస్తే. కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో జరిగే వై2కె లైవ్ లూపింగ్ ఫెస్టివల్‌కు వచ్చే అక్టోబరుకు పోవాలని ఇద్దరం అనుకుంటున్నాం. నాది అనంతపురం, ఇంకొకాయనది కడప. ముఖ్యంగా వినడానికే. స్లాట్ ఇస్తే మాత్రం 15, 20 నిమిషాలు వాయించాలని కూడా ఉంది. సంగీతం మా బతుకుతెరువు కాదు, ఇద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి. అక్కడ ఒక్క డాలరు కూడా తీసుకోము.

సామాను ఇది: బాస్ కంపెనీ ఆర్‌సీ-5 లూపర్ (వాయించినదాన్ని రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ మోగిస్తూ, దాని మీద కొత్త పొరలు చేర్చనిచ్చే కాలి పెడల్), ఒక డైనమిక్ మైకు, చిన్న మిక్సర్, తోలు డప్పు, కంజిర, గజ్జెలు.

తెలియనివి ఇవి. టూరిస్టు వీసా మీద పోయి వేదిక ఎక్కవచ్చా? డప్పు, కంజిర విమానంలో పోనిస్తారా? ఇక్కడి అడాప్టర్లు అక్కడ పనిచేస్తాయా? మిశ్రచాపులో (ఏడు మాత్రల తాళం) లూప్ పెడితే చివర్లో ఒక మాత్ర ఖాళీ వచ్చి తాళం చెడిపోతోంది, ఎందుకు? సౌండ్ చూసేవాళ్ళకు ఏం చెప్పాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

జవాబు: బురుజు, కర్నూలు

వీసా సంగతి ముందు తేల్చుకోండి అన్నా, మిగతావన్నీ దాని వెనకే.

వినడానికి పోయేవాళ్ళకు బీ-2 (టూరిస్టు వీసా) చాలు. వాయించే విషయంలో అమెరికా నిబంధన స్పష్టంగా ఉంది: పైకం తీసుకోకుండా సంగీత కార్యక్రమాల్లో, పోటీల్లో పాల్గొనే ఔత్సాహికులకు బీ-2 సరిపోతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీరు ఆ కోవలోకే వస్తారు. సంగీతమే వృత్తిగా బతికేవాళ్ళకు ఇది వర్తించదు. వాళ్ళకు పీ-3, ఓ-1 లాంటి వీసాలు కావాలి. వాటికి అమెరికాలోని వ్యక్తో సంస్థో ముందుగా ఐ-129 అర్జీ పెట్టాలి. చిన్న ఫెస్టివల్స్ నడిపేవాళ్ళకు అంత ఓపిక, డబ్బు ఉండవు. అందుకే కచేరీలు చేసి సంపాదించే స్నేహితుణ్ణి "ఊరికే పక్కన వాయించు" అని బీ-2 మీద వెంటపెట్టుకుని పోకండి.

ఇంటర్వ్యూలో ఉన్నదున్నట్టు చెప్పండి. "ఫెస్టివల్ వినడానికి పోతున్నాం, అవకాశం ఇస్తే ఉచితంగా 20 నిమిషాలు వాయిస్తాం, జీతం ఇక్కడి ఉద్యోగం నుంచే." నిర్వాహకుల మెయిల్‌లో తేదీలు, పారితోషికం లేదన్న మాట, మీ పూర్తి పేర్లు ఉండేట్టు చూసుకోండి. వాయించే మాట దాచిపెట్టి, అక్కడ దిగాక సంచిలో లూపరు, మైకు, డప్పు బయటపడితే ఇమిగ్రేషన్ అధికారికి అనుమానం వస్తుంది. వెనక్కి పంపే అధికారం ఆయనకుంది.

డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం) నింపేటప్పుడు మన ప్రాంతం వాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసాలో ఆ పేరు ఇంటిపేరుగా పడుతుంది. అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత విమాన టికెట్టు ఒక రకంగా, వీసా ఒక రకంగా ఉండి కౌంటర్ దగ్గర ఆలస్యమవుతుంది. టైముంటే ముందు పాస్‌పోర్టులో పేరు విడగొట్టించుకుని, ఆ తర్వాతే డీఎస్-160 మొదలుపెట్టండి.

రుసుము 185 డాలర్లు, వీసా వచ్చినా రాకపోయినా వాపసు లేదు. కట్టే రోజు అధికారిక సైటులో మళ్ళీ చూసుకోండి. రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి: ఒకటి వేలిముద్రలకు, ఫొటోకు, రెండోది కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. హైదరాబాద్, చెన్నై రెండూ చూడండి, ఏది ముందు దొరికితే అది. స్లాట్లకు నెలలు పట్టే కాలాలుంటాయి కాబట్టి అక్టోబరు ప్రయాణానికి ఆ ఏడాది మొదట్లోనే అర్జీ పెట్టడం మేలు. కాన్సులేట్ లోపలికి ఫోన్లు, సంచులు రానివ్వరు. కాగితాలు పల్చటి ఫైల్లో పెట్టుకుని పోండి.

ఇంకొక మాట. శాంటా క్రూజ్‌ది రిక్ వాకర్ అనే సంగీతకారుడు మొదలుపెట్టి, కళాకారుల సహకారంతో నడిపిన ఉత్సవం, వెనక పెద్ద కంపెనీ ఉండే రకం కాదు. కాబట్టి ఆ ఏడాది తేదీలు నిర్వాహకుల నుంచి ఖాయమయ్యాకే టికెట్లు కొనండి. కుదరకపోతే యూరప్ వైపు చూడవచ్చు. షెంగెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) పెద్దవాళ్ళకు 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు అర్జీ పెట్టుకోవచ్చు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే పెట్టాలి.

జవాబు: గండికోట గాలి, కడప

తోలు వాయిద్యాల గురించి చెబుతాను. వీసా వచ్చి కూడా ఇక్కడ ఇరుక్కునే ప్రమాదం ఉంది.

ముందు మీ కంజిర తిప్పి చూడండి. మూత ఉడుము తోలుదైతే దాన్ని ఇంటి దగ్గరే వదిలేయండి. పాతకాలం నుంచి కంజిరకు ఉడుము తోలే వాడారు, నాదం బాగుంటుంది, నిజమే. కానీ ఉడుము మన వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవి, అంతర్జాతీయంగా సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. అనుమతి లేకుండా సరిహద్దు దాటించడం ఇక్కడా నేరమే, అక్కడా నేరమే. "సొంత వాడకానికి", "పాతది" అంటే కుదరదు. గుర్తుపట్టడం సులువు: ఉడుము తోలు మీద చిన్న చిన్న గింజల్లాంటి పొలుసులు వరసగా కనిపిస్తాయి. మేక తోలైతే నున్నగా, అక్కడక్కడా వెంట్రుక గుంతలతో ఉంటుంది. మేక తోలుదో సింథటిక్ మూతదో తీసుకుపోండి. సింథటిక్ దానికి గుంకి (జారే లోతు నాదం) కాస్త తగ్గుతుంది కానీ మైకుకు బాగా పనికొస్తుంది.

డప్పుది వేరే చిక్కు. సగం ఆరిన పచ్చి తోలు, వాసన వచ్చే తోలు, వెంట్రుకలున్న తోలు అమెరికా వ్యవసాయ తనిఖీలో ఆపేస్తారు. బాగా ఆరి, గట్టిపడి, శుభ్రంగా ఉన్నదైతే "జంతువుల నుంచి వచ్చిన వస్తువులున్నాయా" అని అడిగినప్పుడు ఉన్నాయని చెప్పి చూపించండి. పోనివ్వాలా వద్దా అనేది వాళ్ళ నిర్ణయమే. కానీ చెప్పినవాళ్ళకు జరిమానా పడదు, దాచినవాళ్ళకు పడుతుంది. చట్రం వెనక, తోలు బిగించిన సందుల్లో ఎర్రమట్టి ఉంటుంది చూడండి, దాన్ని పళ్ళు తోముకునే బ్రష్షుతో గీకి తీసేయండి. వాళ్ళు మట్టిని కూడా అడుగుతారు, ఊరి మట్టిని లోపలికి రానివ్వరు.

ఇవన్నీ దాటినా ఇంకో సమస్య ఉంది: డప్పును కాచుకోవడం. మన దగ్గర గడ్డి మంట వేసి సెగ చూపిస్తాం. అక్కడి హాల్లో అగ్గిపుల్ల కూడా గీయనివ్వరు. హెయిర్ డ్రయ్యర్‌తో ఒకడుగు దూరం నుంచి తిప్పుతూ వేడి చేయవచ్చు కానీ పది పదిహేను నిమిషాల్లో మళ్ళీ దిగిపోతుంది. నా సలహా, ఇప్పుడు మన బజార్లలో దొరికే ఫైబర్ మూత డప్పు తీసుకుపోండి. బోల్టులతో బిగించే రకం అయితే ఇంకా మంచిది, చిన్న స్పానర్ చెక్-ఇన్ సంచిలో వేసుకోండి. అసలు తోలు మోత దానికి రాదు, ఒప్పుకుంటాను. కానీ లూపింగ్‌లో శ్రుతి నిలవడం మోత కన్నా ముఖ్యం.

ఎందుకో వివరంగా చెబుతాను, ఇది చాలామంది పట్టించుకోరు. అనంతపురం గాలి ఎండు గాలి. అక్కడ కంజిర మూత లోపలివైపు వేలితో నీళ్ళు అద్ది శ్రుతి దించుకుంటారు. శాంటా క్రూజ్ సముద్రపు ఒడ్డు, సాయంత్రమైతే చలి, ఒక్కోసారి పొగమంచు. తోలు తనంతట తానే తేమ పీల్చి వదులవుతుంది. మొదటి పొర రికార్డు చేసినప్పుడు ఉన్న శ్రుతి లూపులో అట్లే నిలిచిపోతుంది, మీ చేతిలోని వాయిద్యం మాత్రం నిమిషనిమిషానికీ దిగుతుంటుంది. పది నిమిషాల తర్వాత వేసే పొర మొదటి పొరతో కలవదు. మామూలు కచేరీలో ఈ తేడా ఎవరికీ తెలియదు, లూపులో పాతదీ కొత్తదీ పక్కపక్కనే వినిపిస్తాయి. తోలు కంజిరే వాడాలనుకుంటే దాని పొరలన్నీ మొదటి రెండు మూడు నిమిషాల్లో వేసేసి, తర్వాత గొంతు, గజ్జెల మీదికి పోండి.

సిర్ర, చిటికెన పుల్ల చెక్-ఇన్‌లో వేయండి, కర్రలని చేతి సంచిలో అభ్యంతరం పెడతారు. లూపరు, మైకు మాత్రం చేతి సంచిలోనే. బెంగళూరులో చెక్-ఇన్‌కు ముందే కస్టమ్స్ వాళ్ళ దగ్గర లూపరు, మైకు, మిక్సర్ సీరియల్ నంబర్లు, బిల్లులు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు "ఇవి అక్కడ కొన్నవి, సుంకం కట్టండి" అనకుండా అదే ఆధారం. దీనికి ఒక గంట అదనంగా పెట్టుకోండి.

దారి గురించి: అనంతపురం నుంచి 44వ నంబరు హైవే మీద బాగేపల్లి దాటి దేవనహళ్ళి దగ్గరే విమానాశ్రయం వస్తుంది, బెంగళూరు ఊళ్ళోకి పోయే పనే లేదు. కడప ఆయన రాయచోటి, మదనపల్లె మీదుగా నేరుగా అక్కడికే రావచ్చు. అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే సంచులు తీసుకుని కస్టమ్స్ దాటాలి, చివరి ఊరు వేరే అయినా సరే. అక్కడ తర్వాతి విమానానికి కనీసం మూడు గంటల ఎడం ఉంచుకోండి, డప్పు చూపించాల్సి వస్తే ఆ టైమంతా కావాలి.

జవాబు: తాళంచెవి, అనంతపురం

మిశ్రచాపు సంగతికి వస్తాను. తప్పు మీ కాలుది కాదు, లూపర్ సెట్టింగుది.

ఆర్‌సీ-5లో రిథమ్ గానీ క్వాంటైజ్ గానీ ఆన్‌లో ఉంటే, మీరు ఎక్కడ నొక్కినా లూపు చివరను దగ్గర్లోని బారు గీతకు లాగేస్తుంది. బారు (తాళపు ఒక చుట్టు) 4/4లో, అంటే నాలుగేసి మాత్రలతో ఉంటే ఏడు మాత్రల తర్వాత నొక్కినా అది ఎనిమిదో మాత్ర దాకా సాగదీసి మూస్తుంది. మీరు చెప్పే ఆ ఖాళీ అదే. ఆ మెమరీలో బీట్‌ను 7/4కో 7/8కో ముందే మార్చి, తర్వాత రికార్డు చేయండి. రికార్డు అయిపోయాక బీట్ మార్చలేము. ఖండచాపుకు (ఐదు మాత్రల తాళం) 5/4 లేదా 5/8. రిథమ్ అసలు వద్దనుకుంటే క్వాంటైజ్ కూడా ఆపేయండి, అప్పుడు లూపు పొడవు పూర్తిగా మీ కాలి మీదే ఆధారపడుతుంది.

కాలితో మూసేవాళ్ళు చేసే పొరపాటు, సమం (ఆవర్తనం, అంటే తాళం చుట్టు, మొదలయ్యే దెబ్బ) వినిపించాక నొక్కడం. చెవి విని కాలు కదిలేసరికి ఆలస్యం అయిపోతుంది, ఆ ఆలస్యం ప్రతి ఆవర్తనంలోనూ తిరిగి తిరిగి వస్తుంది. సమం మీద దరువుతో పాటే కాలు కూడా పడాలి, అంటే పెడల్ నొక్కడం కూడా వాయించడంలో భాగంగా సాధన చేయాలి. ఒక ఆవర్తనం కాకుండా రెండు ఆవర్తనాలు రికార్డు చేస్తే తేడా సగం సార్లే వినిపిస్తుంది. ఎనిమిది అక్షరాల (లెక్కల) ఆది తాళం, నిమిషానికి 80 అక్షరాల నడక (వేగం) అనుకోండి: ఒక ఆవర్తనం సరిగ్గా 6 సెకన్లు, రెండైతే 12. ఇంట్లో స్టాప్‌వాచ్‌తో లూపు పొడవు కొలిచి చూసుకుంటే మీ కాలు ముందుకు పోతోందా, వెనకబడుతోందా తెలిసిపోతుంది.

ఆపడానికి పెడల్‌ను రెండుసార్లు టకటకా నొక్కితే మొదటి నొక్కుకే అది ఓవర్‌డబ్‌లోకి (పాత లూపు మీద కొత్త పొర రికార్డు చేసే స్థితి) పోతుంది. ఆ క్షణంలో మైకులో పడిన దగ్గో గజ్జె చప్పుడో లూపులో చేరిపోతుంది. రెండు బటన్ల బయటి ఫుట్‌స్విచ్ ఒకటి టీఆర్ఎస్ (స్టీరియో జాకు) కేబుల్‌తో తగిలించి, ఒకదానికి స్టాప్, ఇంకోదానికి అన్‌డూ (చివరి పొర తీసేయడం) పెట్టుకోండి. కేబుల్ టీఆర్ఎస్ కాకుండా మామూలు గిటార్ కేబుల్ అయితే ఒక బటనే పనిచేస్తుంది. "స్విచ్ పాడైంది" అని చాలామంది అనుకునేది ఇక్కడే.

మిక్సర్ కలిపే పద్ధతి జాగ్రత్త. ఆర్‌సీ-5కు మైకు సాకెట్ లేదు కాబట్టి మిక్సర్ తప్పదు. మైకు మిక్సర్‌లోకి, మిక్సర్ మెయిన్ అవుట్ లూపర్‌లోకి, లూపర్ అవుట్ నేరుగా వేదిక మీది డీఐ బాక్సులోకి (పెడల్ సిగ్నల్‌ను సౌండ్ వాళ్ళ తీగకు కలిపే పెట్టె). అంతే. లూపర్ అవుట్‌ను తిరిగి అదే మిక్సర్‌లోకి తేవద్దు. తెస్తే లూపు తనను తానే మళ్ళీ రికార్డు చేసుకుంటూ పెరిగి పెరిగి కూత పెడుతుంది. మిక్సర్ మెయిన్ అవుట్ గట్టి సిగ్నల్, లూపర్ ఇన్‌పుట్ గిటార్ కోసం చేసినది. మెయిన్ నాబ్‌ను బాగా తగ్గించి, డప్పు గట్టి దెబ్బకు కూడా చిట్లకుండా ఉండేచోట ఆపి, అక్కడ టేపు ముక్క అంటించండి. చిట్లిన దెబ్బ ఒక్కటి లూపులో పడిందంటే పాట అయ్యేదాకా అదే చిట్లుడు.

పొరల లెక్క కూడా పెట్టుకోండి. ప్రతి ఓవర్‌డబ్‌తో మైకు లాగే హాలు చప్పుడు కూడా చేరుతుంది. ఎనిమిది పొరలకు ఆ రొద సుమారు 9 డెసిబెల్స్ పెరుగుతుంది. మైకు డప్పుకు జానెడు దూరంలో ఉండాలి, మూరెడు దూరంలో కాదు. వాయించని సమయంలో ఓవర్‌డబ్ మూసేయండి.

ఇద్దరున్నారు కాబట్టి ఒక ఆలోచన చెబుతాను. రెండో ఆయన కూడా ఒక లూపర్ పెట్టుకుని, మీరు 8 అక్షరాల లూపు, ఆయన అదే నడకలో 7 అక్షరాల లూపు వేయండి, రెండూ సింక్ లేకుండా. 56 అక్షరాలకు ఒకసారి రెండు సమాలూ కలుస్తాయి. నిమిషానికి 80 నడకలో అది సరిగ్గా 42 సెకన్లు. అది ఎప్పుడు కలుస్తుందో మీకు తెలుసు, వినేవాళ్ళకు తెలియదు. ఆ కలిసే చోట తీర్మానం (ముగింపు దరువు) వేస్తే ఎంత బాగుంటుందో ఊహించుకోండి! రెండు పెట్టెల గడియారాలు వెంట్రుకంత తేడాగా నడుస్తాయి, కాబట్టి నాలుగైదు నిమిషాలకు మించి లాగవద్దు. నడకను రెండింట్లోనూ అంకె వేసి పెట్టుకోండి, కాలి లెక్కతో కాదు.

పెన్నాగట్టు, అనంతపురం

అందరికీ ధన్యవాదాలు. కంజిర చూశాం, పొలుసులున్నాయి, అంటే ఉడుముదే. దాన్ని తీసుకుపోము.

అడాప్టర్ల మీద రాసింది చూశాను. లూపర్ అడాప్టర్ మీద ఇన్‌పుట్ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది. మిక్సర్ అడాప్టర్ బరువుగా, ఇటుకలాగా ఉంది, అవుట్‌పుట్ దగ్గర ఏసీ అని ఉంది. బజారులో దొరికే పిన్ను మార్చే ముక్క పెడితే సరిపోతుందా?

జవాబు: బురుజు, కర్నూలు

సరిపోదు. ఆ ముక్క పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజి మార్చదు. అమెరికాలో గోడకు వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్.

230 అని మాత్రమే రాసి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్‌ను అక్కడ పెడితే బయటికి దాదాపు సగమే వస్తుంది. 9 వోల్టులు రావాల్సిన చోట నాలుగున్నర. లూపర్ వెలగదు, లేదా వెలిగి పాట మధ్యలో ఆగిపోతుంది. ఆగిందంటే సేవ్ చేయని లూపు పోయినట్టే. తిరగేసి చూస్తే, అక్కడ 120కి కొన్నది తెచ్చి మన ఇంట్లో పెడితే కాలిపోతుంది.

లూపర్‌కు 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉన్న 9 వోల్టుల డీసీ అడాప్టర్ కొనండి. మధ్య పిన్ను నెగటివ్ ఉండాలి, బొమ్మలో చుక్క వైపు మైనస్ గుర్తు కనిపించాలి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే చాలా 9 వోల్టుల అడాప్టర్లకు మధ్య పిన్ను పాజిటివ్, వాటిని పెట్టవద్దు. ఆర్‌సీ-5కు కావలసింది 170 మిల్లీ ఆంపియర్లు, కాబట్టి 500 రాసి ఉన్నది తీసుకుంటే నిశ్చింత.

మిక్సర్‌దే అసలు తలనొప్పి. ఏసీ అవుట్‌పుట్ ఇటుకలు చాలావరకు ఒకే వోల్టేజివి, వాటికి బదులు దొరకడం కష్టం. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ మోయడం కంటే యూఎస్‌బీ 5 వోల్టులతో నడిచే చిన్న మిక్సర్ ఒకటి చూసుకోవడం తేలిక. ఫోన్ ఛార్జరుతో నడుస్తుంది, ఫోన్ ఛార్జర్లు దాదాపు అన్నీ 100-240వే.

ఆ యూఎస్‌బీ మిక్సర్‌కు పవర్ బ్యాంకు కూడా పనికొస్తుంది, గోడ కరెంటు హమ్మింగ్ (గుర్రుమనే రొద) ఉండదు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్-అవర్లు. 100 లోపు కాబట్టి చేతి సంచిలో పోనిస్తారు, చెక్-ఇన్‌లో మాత్రం వేయకూడదు. ఒకటి గమనించండి: తక్కువ కరెంటు లాగే వస్తువులు పెడితే కొన్ని పవర్ బ్యాంకులు ఫోన్ నిండిందనుకుని ఆగిపోతాయి. ఇక్కడే ఒక గంట నడిపి చూడండి.

జవాబు: గుత్తి కోట

ల్యాప్‌టాప్ తీసుకుపోదామా అని మీకు అనిపించవచ్చు. మొబియస్, సూపర్‌లూపర్ లాంటి ఉచిత లూపర్ సాఫ్ట్‌వేర్లున్నాయి, బాగా పనిచేస్తాయి.  కానీ ఇంటర్‌ఫేస్, కేబుళ్ళు, డ్రైవర్లు కలిపి వేదిక మీద సర్దడానికి పట్టే సమయం ఎక్కువ. మీది 20 నిమిషాల స్లాట్. పెడలే మేలు.

వినేటప్పుడు పనికొచ్చే సంగతి ఒకటి. లూపింగ్ అంటే పెడల్‌తో పుట్టిన పద్ధతి కాదు. టెర్రీ రైలీ, తర్వాత రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో అనే సంగీతకారులు రెండు టేపు రికార్డర్లను పక్కపక్కన పెట్టి, ఒకే టేపును రెండింటి మీదుగా నడిపి ఇదే పని చేశారు. మొదటిది రికార్డు చేస్తుంది, రెండోది కొన్ని సెకన్ల తర్వాత మోగిస్తుంది, ఆ మోత మళ్ళీ మొదటిదానిలోకి పోతుంది. పాత పొరలు మెల్లగా మసకబారుతూ కొత్తవాటికి దారి ఇస్తాయి. ఇలాంటి ఫెస్టివల్‌లో ఆ బాణీలో తాళమే లేకుండా సాగేవాళ్ళూ ఉంటారు, నోటితో డ్రమ్స్ వేసేవాళ్ళూ ఉంటారు. మన చెవి తాళం కోసం వెతుకుతుంది. తాళం లేనిచోట పొర ఎంతసేపట్లో కరుగుతోందో గమనిస్తే వినడం సులువవుతుంది. 1996లో కిమ్ ఫ్లింట్ మొదలుపెట్టిన లూపర్స్ డిలైట్ అనే వెబ్‌సైటులో పాత చర్చలు చదివి పోండి, అక్కడ మనుషులతో మాట్లాడేటప్పుడు పదాలు అందుతాయి.

జవాబు: తాళంచెవి, అనంతపురం

సౌండ్ వాళ్ళకు చెప్పాల్సింది మిగిలింది.

అరపేజీ కాగితం ఇంగ్లీషులో రాసుకుపోండి. ఒక్కొక్కరికి అవుట్‌పుట్ ఒకటే, మోనో, 6.35 మిల్లీమీటర్ల జాక్, ఒక డీఐ బాక్సు కావాలి, కరెంటు పాయింట్లు రెండు. లూపరూ మైకూ ఒకే తీగలో వస్తాయని, రివర్బ్ (ప్రతిధ్వని) వాళ్ళు వేయొద్దని రాయండి. హాలు రివర్బ్ లూపు మొత్తానికి పడుతుంది, దరువు మొత్తం ముద్దవుతుంది. రివర్బ్ కావాలంటే లూపర్‌కు ముందు మీ గొంతుకు మాత్రమే మీరే వేసుకోండి. రిథమ్ క్లిక్ కూడా ఆర్‌సీ-5లో అదే అవుట్‌లోంచి జనానికి వినిపిస్తుంది. నడకను అంకెతో పెట్టుకుని, క్లిక్ వాల్యూమ్ సున్నా చేసి, మెరిసే బీట్ లైటు చూసుకుని మొదలుపెట్టండి.

మానిటర్ స్పీకరు మైకు వైపు తిరిగి ఉంటే మొదటి పొర స్పీకర్లోంచి వచ్చి మైకులో దూరి రెండో పొరతో పాటు మళ్ళీ రికార్డవుతుంది. నాలుగో పొరకల్లా దరువు రెండుగా, మసకగా వినిపిస్తుంది, తర్వాత గుయ్యిమంటుంది. మానిటర్‌ను మైకు వెనకవైపుకు పెట్టించండి. ఇంకా మంచిది మానిటర్ ఆపించి, లూపర్ అవుట్ రెండోదాన్నుంచి చిన్న హెడ్‌ఫోన్ ఆంప్‌తో చెవుల్లో వినడం. అలా చేసేటప్పుడు ఆర్‌సీ-5లో రెండు జాకులూ పెడితే అది స్టీరియో అనుకుంటుంది, మీ మైకు ఎడమవైపే పోతుంటే చెవిలో ఏమీ రాదు. మిక్సర్‌లో పాన్ (ఎడమ, కుడి పంచే నాబ్) మధ్యలో పెట్టి, మెయిన్ రెండు తీగలూ లూపర్‌లోకి కలపండి.

గుర్రుమనే హమ్మింగ్ వస్తే ముందు డీఐ బాక్సు మీది గ్రౌండ్ లిఫ్ట్ నొక్కించండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం లాంటివి ఎప్పుడూ చేయవద్దు.

ఇలాంటి చోట్ల ఒకరు దిగగానే ఇంకొకరు ఎక్కుతారు, సర్దుకోవడానికి కొద్ది నిమిషాలే ఉంటాయి. మిక్సర్, లూపరు, ఫుట్‌స్విచ్ అన్నీ మూరెడు ప్లైవుడ్ పలక మీద వెల్క్రోతో బిగించి, తీగలన్నీ ముందే కలిపి ఉంచండి. వేదిక మీద పెట్టాల్సినవి రెండే మిగలాలి: కరెంటు ప్లగ్గు, అవుట్ జాకు. ఇంట్లో పలక సంచిలోంచి తీసి మొదటి దరువు పడేదాకా గడియారం పెట్టి చూడండి. ఐదు నిమిషాలు దాటితే తీగలు ఇంకా తగ్గించాలి. పెడల్ మెమరీలు పాటల వరసలో 1, 2, 3గా ఖాళీగా, బీట్, నడక పెట్టి సేవ్ చేసి ఉంచండి. మిశ్రచాపుది రెండో నంబరైతే కాగితం మీద కాదు, పలక మీదే స్కెచ్ పెన్నుతో "2 = 7/8" అని రాసుకోండి.